ఫ్రీ ఎంత ప్రియం?

మన ఆఫీసుల్లో రోజుకి ఎన్నిసార్లు వినపడుతుందో లెక్కపెట్టలేని ఇంగ్లీషు విశేషణం ఒకటుంది. "ఓ పది నిమిషాలు ఫ్రీగా ఉన్నావా?", "ఆ టూల్ ఫ్రీయేనా?", "మేనేజరు ఫ్రీ హ్యాండ్ ఇచ్చాడు", "సర్వర్లో ఫ్రీ స్పేస్ లేదు", "ప్లీజ్ ఫీల్ ఫ్రీ టు కాల్ మీ". మొదటిదానికి తీరిక, రెండోదానికి ఉచితం, మూడోదానికి స్వేచ్ఛ, నాలుగోదానికి ఖాళీ అని చెప్పుకోవచ్చు. ఐదోదానికి మొహమాటపడకండి అని అర్థం. దాన్ని మాత్రం మరీ నమ్మకండి. అర్ధరాత్రి ప్రొడక్షన్ ఇష్యూ వచ్చినప్పుడు ఫోన్ చేసి చూస్తే ఎంత ఫ్రీగా ఫీలవ్వచ్చో తెలుస్తుంది.

ఇంగ్లీషువాడు ఒక్క మాటతో సరిపెట్టుకున్న చోట మనకి నాలుగైదు మాటలున్నాయి. అవన్నీ పక్కన పెట్టి మనం ఆ ఒక్కదాన్నే పట్టుకున్నాం. వాడుకలో సుఖంగా ఉంటే పరభాష మాటైనా నాకేం అభ్యంతరం లేదు. చిక్కేంటంటే, ఫ్రీ అనగానే మనకి తట్టే అర్థం దాదాపు ఎప్పుడూ ఒకటే: డబ్బులు కట్టక్కర్లేదు అని. ఆ మాటకున్న చరిత్రలో ఆ అర్థం చాలా ఆలస్యంగా వచ్చి చేరిన చుట్టం. ఇప్పుడా చుట్టమే ఇంటివాళ్ళని వీధిలోకి నెట్టేసింది. దానివల్ల మన వృత్తిలోను, మన భాషకి సంబంధించిన పనుల్లోను నష్టాలున్నాయని నా అభిప్రాయం. అవేంటో చెప్పాలంటే ముందు ఆ మాట పుట్టిల్లు చూడాలి.

పాత ఇంగ్లీషులో దీన్ని 'ఫ్రెఓ' అనేవాళ్ళు. బానిస కానివాడు అని అర్థం. ఇంకా వెనక్కి వెళ్తే భాషాశాస్త్రవేత్తలు ఇండో యూరోపియన్ మూలభాషలో 'ప్రీ' అనే ధాతువు దగ్గరికి తీసుకెళ్తారు. దానర్థం ప్రేమించడం. ఇక్కడ మనకి కాస్త తెలిసిన ముఖం కనపడుతుంది. అవును, సంస్కృతంలోని 'ప్రియ' కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. 'ప' శబ్దం జర్మానిక్ భాషల్లోకి వచ్చేసరికి 'ఫ' అయిపోతుంది. మన పితృ వాళ్ళకి ఫాదర్ అయినట్టే, ప్రియ ఫ్రీ అయింది. ఫ్రెండ్ కూడా ఆ కుటుంబమే, ప్రేమించేవాడు అని దాని అసలు అర్థం. ఫ్రైడే అని ఏ దేవత పేరు మీద పిలుస్తున్నామో, ఆ ఫ్రిగ్ పేరు కూడా ఈ ధాతువు నుంచి వచ్చిందే. అంటే శుక్రవారం సాయంత్రం ఫ్రెండ్స్‌తో ఫ్రీగా కూర్చోవడమంటే మూడుసార్లూ ఒకే ధాతువుని వాడుకున్నట్టు.

ప్రేమకీ బానిస కాకపోవడానికీ ఏంటి సంబంధం? దీనికి సాధారణంగా చెప్పే వివరణ ఇది. పాతకాలపు ఇంట్లో రెండు రకాల మనుషులుండేవాళ్ళు. ఇంటిపెద్దకి సొంతవాళ్ళు, అంటే ప్రియమైనవాళ్ళు ఒక రకం. కొని తెచ్చిన బానిసలు, యుద్ధంలో పట్టుకొచ్చిన బానిసలు ఇంకో రకం. మొదటి రకాన్ని పిలిచిన మాటే మెల్లగా 'బానిస కానివాడు' అనే అర్థానికి జారింది. లాటిన్‌లో కూడా ఇలాంటిదే కనపడుతుంది. అక్కడ 'లిబెర్' అంటే స్వతంత్రుడు, దాని బహువచనం 'లిబెరి' అంటే ఇంటి పిల్లలు అని కూడా అర్థం. మనం స్వేచ్ఛ అనగానే ఎవరితోనూ సంబంధం లేకుండా ఒంటరిగా తిరగడం అనుకుంటాం. ఆ మాట పుట్టినప్పుడు మాత్రం ఫ్రీగా ఉండడమంటే మనవాళ్ళ మధ్య మనవాడిగా ఉండడమన్నమాట.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ 'ప్రియ' శబ్దాన్ని మనం సంస్కృతం నుంచి తెచ్చుకుని తెలుగులో ఏం చేశామో చూడండి. "ఈ ఏడాది కందిపప్పు మరీ ప్రియం అయిపోయింది" అంటాం. అంటే ధర ఎక్కువ అని! ఒకే ధాతువు ఇంగ్లీషులో డబ్బు అక్కర్లేనిది అయింది, తెలుగులో డబ్బు ఎక్కువ అడిగేది అయింది. ఇంగ్లీషులో కూడా 'డియర్' అనే మాటకి ఇష్టమైన, ఖరీదైన అని రెండర్థాలూ ఉన్నాయి కాబట్టి మన దారి వింతేమీ కాదు. వింత దారి పట్టింది ఫ్రీయే.

ఆ దారి ఎటు నుంచి ఎటు పోయిందో చూద్దాం. 1215లో ఇంగ్లండు రాజు జాన్ చేత అక్కడి ప్రభువులు ఒప్పించిన మాగ్నా కార్టా లాటిన్‌లో ఉంటుంది. అందులో ఏ 'స్వతంత్ర మనిషినీ' చట్టప్రకారం తీర్పు లేకుండా బంధించకూడదు అనే నిబంధన ఉంది. వినడానికి బాగుంది గానీ అప్పటి రైతుల్లో చాలామంది ఆ లెక్కలోకి రారు. భూస్వామి అనుమతి లేకుండా ఊరు కూడా దాటలేని వెట్టి రైతులు వాళ్ళు. కాబట్టి అప్పట్లో ఫ్రీ అనేది ఒక హోదా. కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు.

హోదా ఉన్నవాడికి కొన్ని మినహాయింపులు ఉంటాయి కదా. సుంకం కట్టక్కర్లేదు, ఫలానా చాకిరీ చెయ్యక్కర్లేదు. అలా 'ఫలానాదాని నుంచి ఫ్రీ' అనే వాడుక బలపడింది. ఇవాళ మనం డ్యూటీ ఫ్రీ, షుగర్ ఫ్రీ, బగ్ ఫ్రీ అనేవన్నీ ఈ కొమ్మకి కాసినవే. బగ్ ఫ్రీ మటుకు కాయని కాయ అనుకోండి. ఈ కొమ్మకే 'ఖర్చు నుంచి ఫ్రీ' అనేది ఒక చిన్న రెమ్మగా పుట్టింది. తర్వాత 'ఖర్చు నుంచి' అన్న ముక్క రాలిపోయి, ఉత్త ఫ్రీ అంటేనే ఊరికే వచ్చేది అనే అర్థం స్థిరపడింది. నిఘంటువుల ప్రకారం ఇది 1580ల నాటి సంగతి. వెయ్యేళ్ళు దాటిన మాటకి ఇది దాదాపు నిన్నటి అర్థం. మన ఇండియన్ ఇంగ్లీషులో ఇప్పటికీ 'ఫ్రీ ఆఫ్ కాస్ట్' అని పూర్తిగా అంటాం. కొందరు నవ్వుతారు గానీ, నిజానికి మనం రాలిపోయిన ముక్కని జాగ్రత్తగా దాచుకున్నట్టు లెక్క.

ఫ్రీలాన్స్ అనే మాట సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. లాన్స్ అంటే బల్లెం. 1819 చివర్లో వచ్చిన వాల్టర్ స్కాట్ నవల ఐవన్హోలో ఏ రాజుకీ కట్టుబడకుండా డబ్బిచ్చినవాడి తరఫున పోరాడే కిరాయి సైనికులకి ఆ మాట వాడాడు. అంటే ఫ్రీలాన్సర్ పుట్టుకతోనే డబ్బు పుచ్చుకుని పనిచేసేవాడు. "ఓ చిన్న వెబ్‌సైటు చేసిపెట్టు, నువ్వు ఫ్రీలాన్సర్‌వే కదా" అని బేరమాడే చుట్టాలకి ఈ సంగతి చెప్పి చూడండి.

మన 'ఉచితం' కూడా తక్కువదేం కాదు. సంస్కృతంలో ఉచితం అంటే తగినది. సముచితం, అనుచితం, ఔచిత్యం అన్నప్పుడు మనం ఇప్పటికీ ఆ అర్థంలోనే వాడతాం. ఉత్త ఉచితం అంటే మాత్రం ఊరికే ఇచ్చేది. ఇప్పుడు పేపర్లలో 'ఉచితాలు' అని బహువచనం కూడా వచ్చేసింది. అది ఫ్రీబీస్‌కి అనువాదం. ఉచితాలు ఉచితమా కాదా అని 2022లో సుప్రీంకోర్టులో పెద్ద వాదన నడిచినప్పుడు, ఆ ప్రశ్నలోనే పాత అర్థం, కొత్త అర్థం రెండూ పక్కపక్కన కూర్చున్నాయి. తెలుగులో ఆ చమత్కారం చక్కగా కుదిరింది.

మన ఇంజనీర్లకి ఈ మాట ఇంకో రూపంలో కూడా తెలుసు. మా పెద్ద కజిన్ల తరం వాళ్ళని అడిగితే 'ఫ్రీ సీటా, పేమెంట్ సీటా' అనేవాళ్ళం అని చెప్తారు. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ప్రైవేటు ప్రొఫెషనల్ కాలేజీల్లో సగం సీట్లు ఫ్రీ, సగం పేమెంట్ అయ్యాయి. ఫ్రీ సీటు అంటే ఫీజు లేని సీటు కాదు. ప్రభుత్వ కాలేజీలో ఎంత ఫీజుందో అంత కట్టాలి. ఆ తక్కువ పడేది పేమెంట్ సీటు వాళ్ళ ఫీజులోంచి సర్దుకోవాలి. 2002 అక్టోబర్ 31న టి.ఎం.ఎ. పాయ్ కేసులో పదకొండుగురు జడ్జిల ధర్మాసనం ఆ పద్ధతి చెల్లదని తేల్చేసింది. తొమ్మిదేళ్ళ పాటు తెలుగు ఇళ్ళల్లో పిల్లల జాతకాలు తేల్చిన ఆ ఫ్రీకి అర్థం 'తక్కువ ధర, మిగతాది పక్కవాడి లెక్కలో'. ఫ్రీ అన్నచోటల్లా ఆ పక్కవాడెవరో వెతకడం మంచి అలవాటు.

ఇక మన వృత్తి దగ్గరికొద్దాం. మొదట్లో సాఫ్ట్‌వేర్‌కి విడిగా ధర ఉండేది కాదు, మెషీన్‌తో పాటు వచ్చేది. 1969 జూన్‌లో ఐబీఎం వాటిని విడదీసి అమ్ముతానని ప్రకటించాక ఆ పరిస్థితి మారడం మొదలైంది. 1976 ఫిబ్రవరి 3న ఇరవయ్యేళ్ళ బిల్ గేట్స్ కంప్యూటర్ అభిరుచి ఉన్నవాళ్ళందరికీ ఒక బహిరంగ లేఖ రాశాడు. హార్డ్‌వేర్‌కి డబ్బిస్తారు గానీ సాఫ్ట్‌వేర్ అంటే ఊరికే పంచుకునేదనుకుంటున్నారు, అది దొంగతనం అని దాని సారాంశం. గొడవంతా ధర గురించే.

రిచర్డ్ స్టాల్‌మన్ గొడవ వేరు. ఆయన పనిచేసిన ఎంఐటీ ల్యాబ్‌కి జిరాక్స్ కంపెనీ కొత్త లేజర్ ప్రింటర్ ఇచ్చింది. పేపర్ ఇరుక్కుంటే కబురు పంపేలా దాని ప్రోగ్రాము మారుద్దామంటే సోర్స్ కోడ్ లేదు. ఉన్నవాడిని వెళ్ళి అడిగితే, ఎవరికీ ఇవ్వనని సంతకం చేశానన్నాడు. ప్రింటర్ ఊరికే వచ్చింది, కానీ దాన్ని బాగుచేసుకునే స్వేచ్ఛ రాలేదు. 1983 సెప్టెంబర్‌లో ఆయన గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పెట్టాడు. అదే రోజుల్లో ఈమాక్స్ ఎడిటర్‌ని టేపు మీద ఎక్కించి 150 డాలర్లకి అమ్మాడు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ అమ్మడమేంటి అని ఎవరైనా అడిగితే, మాటకున్న వెయ్యేళ్ళ అర్థం ఆయన వైపే ఉంది.

ఆయన చెప్పే స్వేచ్ఛలు నాలుగు. ప్రోగ్రాముని దేనికైనా వాడుకోవచ్చు, చదివి మార్చుకోవచ్చు, కాపీలు పంచుకోవచ్చు, మార్చినదాన్ని కూడా పంచుకోవచ్చు. వీటికి సున్నా నుంచి మూడు దాకా నంబర్లు వేశారు. వాడుకునే స్వేచ్ఛని తర్వాత చేర్చాల్సి వచ్చి, అది అన్నిటికన్నా ముందుండాలి కాబట్టి సున్నా ఇచ్చారు. ప్రోగ్రామర్లు తప్ప ఇంకెవరూ అలా చెయ్యరు.

ఈ రెండర్థాలకీ తేడా ఎంతుందో చూపించడానికి లినక్స్ కన్నా మంచి ఉదాహరణ లేదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ విడుదల చేసిన మొట్టమొదటి లినక్స్‌కి ఆయన సొంత లైసెన్స్ ఉండేది. పంచేటప్పుడు డబ్బు తీసుకోకూడదు అని అందులో షరతు. ధర ప్రకారం చూస్తే అంతకన్నా ఫ్రీ ఉండదు. స్టాల్‌మన్ లెక్కలో మాత్రం అది ఫ్రీ కాదు, ఎందుకంటే ఫ్లాపీలకెక్కించి అమ్ముకునే స్వేచ్ఛ ఎవరికీ లేదు. 1992లో ఆ షరతు తీసేసి జీపీఎల్ లైసెన్స్‌కి మారారు. డబ్బు పుచ్చుకోవచ్చు అన్న తర్వాతే కంపెనీలు ధైర్యంగా దాని చుట్టూ వ్యాపారం కట్టుకున్నాయి. ఇవాళ మనలో చాలామందికి జీతాలొచ్చే సర్వర్లు, క్లౌడ్ అంతా దాని మీదే నడుస్తోంది. లినక్స్ మొదటి అర్థంలోనే ఉండిపోయి ఉంటే ఇదంతా ఇలా జరిగేది కాదేమో.

1998 ఫిబ్రవరి 3న, గేట్స్ లేఖకి సరిగ్గా 22 ఏళ్ళకి, కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో కొంతమంది కూర్చున్నారు. అంతకు పన్నెండు రోజుల ముందే నెట్‌స్కేప్ తన బ్రౌజర్ కోడ్ బయటపెడతానని ప్రకటించింది. ఫ్రీ అనగానే కొత్తవాళ్ళు ధర గురించే ఆలోచిస్తున్నారు, ఈ మాట మారిస్తే బాగుంటుందని క్రిస్టీన్ పీటర్సన్ 'ఓపెన్ సోర్స్' అనే పేరు సూచించింది. ఒక విశేషణం తన అర్థాన్ని మోయలేకపోవడం వల్ల ఒక ఉద్యమం రెండు పేర్లుగా చీలిపోయింది. ఫ్రెంచి వాళ్ళకి ఈ బాధ లేదు, 'లిబ్ర్' వేరు, 'గ్రాట్యుయి' వేరు. మనకీ లేదు, స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు. ఇంత వీలున్న భాష చేతిలో పెట్టుకుని మనం ఫ్రీ అని ఎందుకు తికమకపడాలి?

ఈ తికమక ఆఫీసుల్లో ఖరీదైన వ్యవహారం. ఫ్రీయే కదా అని లైబ్రరీ దించి క్లయింటు ప్రొడక్టులో కలిపేసేవాళ్ళు ఎంతమందో! లైసెన్స్ ఫైలు తెరిచి చూసేవాళ్ళు తక్కువ. లింక్‌సిస్ అనే కంపెనీ డబ్ల్యూఆర్‌టి54జి రౌటర్‌లో లినక్స్ వాడిందని 2003లో బయటపడింది. జీపీఎల్ ప్రకారం సోర్స్ ఇవ్వాల్సి వచ్చింది. ఆ కోడ్ పట్టుకుని ఔత్సాహికులు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టి మొదలుపెట్టారు. లింక్‌సిస్‌ని కొనుక్కున్న సిస్కో మీద ఇలాంటి విషయంలోనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2008 డిసెంబర్‌లో దావా వేసింది, 2009 మేలో రాజీ కుదిరింది. ధర లేకపోయినా షరతు ఉంటుంది, ఆ షరతు పక్కవాడి స్వేచ్ఛని కాపాడ్డానికి.

దీనికి తిరగేసిన కథ 2015లో మన ఊళ్ళల్లోనే నడిచింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఫేస్‌బుక్ రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ మొదలుపెట్టిన ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. డేటా ఛార్జీ లేకుండా కొన్ని సైట్లు చూడొచ్చు. అవి ఏ సైట్లో, ఎలా ఉండాలో ఆ వేదిక నియమాలు చెప్తాయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో దానికి ఫ్రీ బేసిక్స్ అని పేరు మార్చారు. పేరులో ఫ్రీ ఉంది, ధరలో ఫ్రీ ఉంది, ఎటైనా వెళ్ళే స్వేచ్ఛ మాత్రం లేదు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ సైటుని బట్టి వేరే రేటు పెట్టకూడదని నిబంధన తేవడంతో అది మన దేశంలో ఆగిపోయింది. కొన్ని నెలలకి, 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చి 2017 మార్చి 31 దాకా డేటా ఊరికే ఇచ్చింది. అది కూడా ఉచితమే, వ్యాపార లెక్కలు దానికీ ఉన్నాయి. కానీ ఏ సైటుకి వెళ్ళాలో మన ఇష్టం. ఉచితాన్ని మొత్తంగా తిట్టడం నా ఉద్దేశం కాదు, ఉచితంతో పాటు ఏం వస్తోంది, ఏం పోతోంది అని చూడమంటున్నాను.

తెలుగుకి సంబంధించి ఈ తేడా నాకు మరీ ముఖ్యం అనిపిస్తుంది. రచ్చబండ లాంటి యాహూ గ్రూపుల్లో మన ముందు తరం తెలుగువాళ్ళు భాష మీద, పద్యాల మీద ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. ఆ స్థలం ఉచితం. 2020 డిసెంబర్ 15న యాహూ ఆ సర్వీసు మూసేసింది. అద్దె కట్టని ఇంట్లోంచి ఖాళీ చెయ్యమంటే అడగడానికి ఏముంటుంది? అదే పోతన, వేమన ఫాంట్లు చూడండి. దేశికాచార్యులు గారు వాటిని జీపీఎల్ కింద ఇవ్వడం వల్ల లినక్స్ పంపిణీలన్నీ దర్జాగా కలుపుకోగలిగాయి. సూరన్న, గిడుగు, మండలి లాంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో వచ్చాయి కాబట్టి ఎవరైనా పుస్తకం వేసుకోవచ్చు, సైటులో పెట్టుకోవచ్చు, అక్షరం నచ్చకపోతే సరిదిద్దుకోవచ్చు. చేసినవాళ్ళు రేపు ఆ పని మానేసినా అవి ఉంటాయి.

2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియా తన పేరు కింద 'స్వేచ్ఛా విజ్ఞాన సర్వస్వం' అని రాసుకుంది. ఇంగ్లీషులో అక్కడ ఉన్నది ఫ్రీయే. ఉచిత విజ్ఞాన సర్వస్వం అని రాసినా ఎవరూ తప్పు పట్టేవాళ్ళు కాదు. సరైన మాట ఏరుకున్నవాళ్ళకి దండం పెట్టాలి. హైదరాబాదులో ఫ్రీ సాఫ్ట్‌వేర్ కోసం, తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పనిచేసిన సంస్థ కూడా స్వేచ్ఛ అనే పేరు పెట్టుకుంది. అనువాదం చేసినప్పుడే మనకి అర్థం తేటపడుతుంది అనడానికి ఈ రెండూ చాలు.

రెండర్థాలూ ఒక్కోసారి కలుస్తాయి కూడా. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో టికెట్ డబ్బులక్కర్లేదు. ఆ టికెట్ మీద సున్నా ఉన్నా ప్రభుత్వ ఖజానాలోంచి ఆర్టీసీకి లెక్క జమ కావాల్సిందే. అది ఎంతవరకు మొయ్యగలం అనే వాదన ఉంది, ఉండాలి కూడా. కానీ ఇంట్లో ఎవరినీ డబ్బులడగకుండా బస్సెక్కి పుట్టింటికో, పనికో వెళ్ళొచ్చే మనిషి దగ్గర ఉచితం, స్వేచ్ఛ వేరుచెయ్యడం కష్టం. ఆంధ్రలో దానికి ఆగస్టు 15నే ఎంచుకోవడం కాకతాళీయం కాదనుకుంటా.

కాబట్టి ఈసారి ఎవరైనా "ఫ్రీయేనా?" అని అడిగితే ఆ ప్రశ్నని మూడు ముక్కలు చెయ్యండి. నేను డబ్బు కట్టాలా? కట్టకపోతే ఎవరు కడుతున్నారు? రేపు నాకు నచ్చకపోతే దీన్ని మార్చుకోవడానికి, పంచుకోవడానికి, మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోవడానికి వీలుందా? మూడో ప్రశ్నకి అవునని జవాబొస్తే మొదటి ప్రశ్న దగ్గర కాస్త డబ్బు పెట్టినా నష్టం లేదు. అలాంటి ఫ్రీ కొంచెం ప్రియంగానే ఉంటుంది మరి, పుట్టింటి పేరు పోతుందా!